‘మై ఫెయిర్ లేడీ’ 50 ఏళ్ల డిస్క్: అట్ట మీద పేరు ఒక్కటే, లోపల బొమ్మ వేరు

హాలీవుడ్ మ్యూజికల్ ‘మై ఫెయిర్ లేడీ’ విడుదలైంది 1964 అక్టోబర్‌లో. అంటే యాభై ఏళ్లు నిండింది 2014లో. కానీ ‘50వ వార్షికోత్సవ ఎడిషన్’ అని అట్ట మీద వేసిన బ్లూ-రే డిస్క్ మార్కెట్‌లోకి వచ్చింది 2015 అక్టోబర్ చివర్లో. ఏడాది లేటు. పాత సినిమాలు అమ్మేవాళ్లకు వార్షికోత్సవం అంటే సీజన్. రంజాన్ అయిపోయాక హలీం బట్టీ పెడితే ఎవరు తింటారని ఏ వ్యాపారి అయినా అడుగుతాడు. అయినా ఈ సరుకు సీజన్ దాటాకే దిగింది. ఎందుకంటే అదే సినిమాను 2011లో ఒకసారి బ్లూ-రేగా తెచ్చి, హక్కుదారు కంపెనీ సీబీఎస్ మాట పడింది. రెండోసారి మాత్రం పని మొదటి నుంచి చేయించింది.

ఈ రెండు డిస్కుల మధ్య ఏం జరిగిందో తెలిస్తే, ‘రెస్టోర్ చేసిన ప్రింట్’ అనే మాటకు అసలు అర్థం ఏంటో తెలుస్తుంది. ‘4కే’, ‘రీమాస్టర్డ్’, ‘యానివర్సరీ ఎడిషన్’ అని ఈమధ్య ప్రతి పాత సినిమా మీదా రాస్తున్నారు. డాలస్ నుంచో చికాగో నుంచో సెలవులకు వచ్చే బంధువులు ఇలాంటి డిస్కులు తెస్తూనే ఉంటారు. ఆ మాటల వెనక కొన్నిసార్లు ఏళ్ల శ్రమ ఉంటుంది, కొన్నిసార్లు కొత్త అట్ట తప్ప ఏమీ ఉండదు.

ముందు కథ సంగతి. లండన్ వీధిలో పూలు అమ్ముకునే అమ్మాయి ఎలైజా డూలిటిల్. ఆమె యాస వింటే పెద్దింటి వాళ్లు ముఖం చిట్లిస్తారు. ప్రొఫెసర్ హిగ్గిన్స్ అనే భాషా పండితుడు, ఆరు నెలల్లో ఈ పిల్లకు తలఫ్ఫుజ్ నేర్పి దొరసానిగా నిలబెడతానని పందెం కాస్తాడు. గెలుస్తాడు కూడా. గెలిచాక ఆ అమ్మాయి ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం ఆయనకు తట్టదు. దక్కనీ మాట్లాడినందుకు లక్నో వాళ్ల ముందు నవ్వులపాలైన హైదరాబాదీలకు ఈ కథ ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మూలం బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మాలియన్’ నాటకం, 1913లో తొలిసారి ప్రదర్శించారు. గ్రీకు కథలో పిగ్మాలియన్ ఒక శిల్పి, తాను చెక్కిన బొమ్మనే ప్రేమిస్తాడు. ఈ నాటకం ఉర్దూలోకీ వచ్చింది. ఢిల్లీలో హిందుస్తానీ థియేటర్ నడిపిన బేగం ఖుద్సియా జైదీ దీన్ని ‘ఆజర్ కా ఖ్వాబ్’ పేరుతో మలిచారు. గ్రీకు శిల్పి స్థానంలో ఆజర్ పేరు పెట్టడం ఎంత చక్కటి ఆలోచనో మన పాఠకులకు వెంటనే అర్థమవుతుంది. హజ్రత్ ఇబ్రాహీం అలైహిస్సలాం తండ్రిగా ఖుర్ఆన్‌లో ఆ పేరు వస్తుంది, ఉర్దూ కవిత్వంలో విగ్రహాలు చెక్కేవాడికి అది మారుపేరు. తర్వాత 1980లో బాసు ఛటర్జీ ఇదే కథను దేవానంద్, టీనా మునీమ్‌లతో ‘మన్ పసంద్’గా తీశారు.

షా బతికున్నంత కాలం ఈ నాటకాన్ని పాటల నాటకంగా మార్చనివ్వలేదు. 1950లో ఆయన చనిపోయాక అలన్ జే లెర్నర్ మాటలు, పాటలు రాసి, ఫ్రెడరిక్ లో సంగీతం కట్టి 1956 మార్చిలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో దించారు. ఏకంగా 2,717 ప్రదర్శనలు ఆడింది.

నెగటివ్ ఎవరి చేతిలో ఉంది?

ఇక్కడ కాస్త లెక్కల్లోకి వెళ్లాలి. సినిమా బతుకుతుందా లేదా అన్నది చాలాసార్లు కళ కంటే లెక్కల మీదే ఆధారపడుతుంది.

బ్రాడ్‌వే నాటకానికి పెట్టుబడి పెట్టింది సీబీఎస్ అనే రేడియో, టీవీ కంపెనీ. దాదాపు 4 లక్షల డాలర్లు. బదులుగా లాభాల్లో వాటా, పాటల రికార్డు అమ్ముకునే హక్కు తీసుకుంది. ఆ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాత వార్నర్ బ్రదర్స్ అధిపతి జాక్ వార్నర్ సినిమా హక్కుల కోసం 55 లక్షల డాలర్లు ఇచ్చారు. అప్పటికి ఏ కథకూ అంత ధర పలకలేదు. సినిమా ఖర్చు మొత్తం 1.7 కోట్ల డాలర్లకు చేరింది. ఒప్పందంలో ఒక షరతు ఉంది: విడుదలైన ఏడేళ్లకు సినిమా తిరిగి సీబీఎస్ సొంతమవుతుంది. అలా 1971లో ‘మై ఫెయిర్ లేడీ’ తీసినవాళ్ల చేతిలోంచి, మొదట నాటకానికి డబ్బు పెట్టినవాళ్ల చేతిలోకి వచ్చింది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఆస్తి ఎవరిదో తేలిపోయింది కాబట్టే, తర్వాత దాన్ని బాగు చేయించాల్సిన బాధ్యత ఎవరిదో కూడా తేలింది. ముగ్గురు అన్నదమ్ముల పేరు మీద ఉన్న పాత ఇంటికి సున్నం ఎవరు వేయిస్తారు? మన దేశంలో పాత సినిమాల గతి చాలామటుకు అదే. నిర్మాత పోయాక వారసుల మధ్య తగాదా, ల్యాబ్‌కు కట్టని బకాయి, ఆ బకాయి కింద పడి ఉన్న నెగటివ్. భారతదేశపు తొలి టాకీ, 1931 నాటి ‘ఆలం ఆరా’, పాటల సినిమానే. ఇవాళ దాని ప్రింట్ ఒక్కటీ లేదు, ఫొటోలు మిగిలాయంతే. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో, అంటే సరిగ్గా ‘మై ఫెయిర్ లేడీ’ వచ్చిన ఏడాదే. అప్పటికే మన తొలి తరం సినిమాలు చాలా పోయాయి.

ఫిల్మ్ ఎలా పాడవుతుంది

సినిమా రీలు పెట్టెలో పెట్టి తాళం వేస్తే అలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. రంగుల ఫిల్మ్‌లో బొమ్మను నిలబెట్టేది మూడు పొరల రంగు. ఆ మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. ఏది ముందు పోతే బొమ్మ దానికి వ్యతిరేకపు రంగులోకి జారుతుంది. పాత ప్రింట్ ఆడిన టాకీసులో కూర్చుని, సినిమా అంతా గులాబీ రంగులోకి తిరిగి ఉండటం చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు. ఇక వేడి, తేమ తగిలితే ఫిల్మ్ పట్టీయే కుళ్లుతుంది. డబ్బా మూత తీయగానే సిర్కా వాసన కొడుతుంది. ఆ వాసన మొదలైన రీలును మళ్లీ మామూలు స్థితికి తేలేరు, చల్లటి గదిలో పెట్టి ఆ కుళ్లుని నెమ్మది చేయగలరంతే. ఇంట్లో బీరువా పైన పడి ఉన్న షాదీ వీడియో క్యాసెట్ల సంగతి వేరే రకం, అది అయస్కాంతపు టేపు. దానికీ బూజు పడుతుంది, దానికీ ఆయుష్షు ఉంది.

‘మై ఫెయిర్ లేడీ’కి ఇంకో సమస్య కూడా ఉంది. అది సూపర్ పానావిజన్ 70 అనే పద్ధతిలో తీసిన సినిమా. మామూలు సినిమా 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీస్తే, దీన్ని 65 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద తీశారు. థియేటర్ ప్రింట్‌కు ఇంకో 5 మిల్లీమీటర్లు కలిపి, అంచుల్లో శబ్దం కోసం అయస్కాంతపు పట్టీలు వేసేవారు. అందుకే 70 ఎంఎం అంటారు. బొమ్మ వైశాల్యం మామూలు ఫిల్మ్ కంటే మూడు రెట్ల దాకా ఉంటుంది. అంత వివరం, అంత మెరుపు. కానీ ఆ రోజుల్లో పెద్ద థియేటర్లకు పంపే 70 ఎంఎం ప్రింట్లను నేరుగా కెమెరాలోంచి వచ్చిన అసలు నెగటివ్ నుంచే తీసేవారు. సినిమా ఎంత హిట్టయితే అన్ని ప్రింట్లు, అన్నిసార్లు నెగటివ్ మెషీన్‌లో తిరగాలి. ప్రతిసారీ గీతలు, దుమ్ము, చిరుగులు. అంటే జనం ఎక్కువగా ప్రేమించిన సినిమాయే ఎక్కువగా అరిగిపోయింది.

1990ల మొదట్లో నెగటివ్ స్థితి బాగాలేదని తేలింది. సీబీఎస్ అప్పుడు రాబర్ట్ హారిస్, జేమ్స్ కాట్జ్ అనే ఇద్దరికి పని అప్పగించింది. హారిస్ అప్పటికే ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ను బాగు చేసి పేరు తెచ్చుకున్నారు. కాట్జ్‌తో కలిసి ‘స్పార్టకస్’ మీద కూడా పని చేశారు. ముప్ఫై ఏళ్ల సందర్భంగా 1994లో ‘మై ఫెయిర్ లేడీ’ మళ్లీ తెర మీదకు వచ్చింది. ఆ పని ఎక్కువభాగం ల్యాబ్ రసాయనాలతో, కొత్త ఫిల్మ్ మీదకు ప్రింట్ వేయడంతో జరిగింది. కంప్యూటర్ వాడకం అప్పట్లో చాలా ఖరీదు, కొద్ది షాట్లకే పరిమితం. హీరోయిన్ ఆడ్రీ హెప్‌బర్న్ ఆ ప్రింట్ చూడలేదు. 1993 జనవరిలోనే ఆమె చనిపోయారు.

జిరాక్స్‌కు జిరాక్స్

మరి 1994లో అంత చేశాక 2011 డిస్క్ ఎందుకు తేడా కొట్టింది? ఆధార్ కార్డుతో చెబితే తేలికగా అర్థమవుతుంది. అసలు కార్డు నుంచి తీసిన జిరాక్స్ బాగుంటుంది. ఆ జిరాక్స్ నుంచి ఇంకో జిరాక్స్ తీస్తే ఫొటోలో ముఖం నల్లగా వస్తుంది. దాన్నుంచి మూడోది తీస్తే ఆఫీసులో క్లర్క్ తిప్పి పంపిస్తాడు. సినిమాకూ అంతే. నెగటివ్ నుంచి ఒక కాపీ, దాన్నుంచి ఇంకోటి, దాన్నుంచి వీడియో మాస్టర్. ప్రతి మెట్టు మీదా కొంత వివరం రాలిపోతుంది. డీవీడీ కాలంలో పాత టీవీ మీద ఆ తేడా కనిపించేది కాదు. బ్లూ-రే వచ్చాక, పెద్ద టీవీ వచ్చాక దొరికిపోయింది. 2011లో సీబీఎస్ తెచ్చిన డిస్క్‌లో బొమ్మలో పదును లేదని, రంగులు సరిగా లేవని సమీక్షకులు ఏకిపారేశారు. అందరికంటే గట్టిగా విమర్శించినవాళ్లలో ఆ సినిమాను ఒకసారి బాగు చేసిన హారిస్ కూడా ఉన్నారు.

ఇక్కడ కంపెనీ ముందు రెండు దారులు. అదే మాస్టర్‌కు కొత్త అట్ట వేసి యాభై ఏళ్ల స్టిక్కర్ అంటించడం ఒకటి. చాలామంది అదే చేస్తారు, ఖర్చు దాదాపు ఉండదు. రెండోది, నెగటివ్ దాకా వెనక్కి వెళ్లడం. సీబీఎస్ రెండోది ఎంచుకుని, విమర్శించిన హారిస్‌నే పిలిచింది. తప్పు పట్టినవాడికే తాళాలు ఇవ్వడం వ్యాపారంలో రోజూ జరిగే పని కాదు.

ఈసారి 65 ఎంఎం అసలు నెగటివ్‌ను కాలిఫోర్నియాలోని ఫోటోకెమ్ ల్యాబ్‌లో 8కే స్థాయిలో స్కాన్ చేశారు. అంటే ప్రతి ఫ్రేమ్ అడ్డంగా ఎనిమిది వేలకు పైగా చుక్కలుగా కంప్యూటర్‌లోకి వెళ్లింది. తర్వాత పని 4కేలో పూర్తి చేశారు. సినిమా నిడివి దాదాపు 170 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మొత్తం 2,44,800 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్క నిమిషం చొప్పున ఒక మనిషి కూర్చుని గీతలు తుడిచినా 4,080 గంటలు పడుతుంది, రోజుకు 8 గంటల డ్యూటీ వేస్తే 510 రోజులు. సాఫ్ట్‌వేర్ కొంత పని దానంతట అదే చేస్తుంది కాబట్టి అంత పట్టదు. కానీ సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా నమ్మితే ఇంకో ప్రమాదం. దానికి దుమ్ము చుక్కకూ, దుస్తుల మీద కుట్టిన పూసకూ తేడా తెలియదు. ఫిల్మ్‌కు సహజంగా ఉండే సన్నటి ఇసుక లాంటి రేణువులను కూడా మురికి అనుకుని తుడిచేస్తుంది. అప్పుడు మనుషుల ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. కొన్ని పాత హిందీ సినిమాల ‘హెచ్‌డీ’ వెర్షన్లలో హీరోయిన్ బుగ్గలు నున్నగా ప్లాస్టిక్‌లా కనిపించేది ఇందుకే.

బ్లూ-రేలో ఒక ఫ్రేమ్‌కు దాదాపు 20.7 లక్షల చుక్కలే పడతాయి. మరి 8కే స్కాన్ దేనికి అని అడగొచ్చు. మంచి కొలతతో పాత్ర తీసుకుంటే అందులోంచి ఏ గ్లాసులోనైనా పోసుకోవచ్చు. 2021లో ఇదే రెస్టోరేషన్‌ను 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్క్‌గా పారామౌంట్ తెచ్చింది. అందులో ఫ్రేమ్‌కు దాదాపు 83 లక్షల చుక్కలు. మళ్లీ నెగటివ్ ముట్టుకోవాల్సిన అవసరం రాలేదు. పెట్టుబడి ఒకసారి, రాబడి విడతలవారీగా. ఏడాది లేటయినా సీబీఎస్‌కు ఈ లెక్క గిట్టుబాటయ్యేదే.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, ఆస్కాట్ గుర్రప్పందేల సీన్‌లో. సెసిల్ బీటన్ ఆ సీన్‌లో ఆడవాళ్ల దుస్తులన్నీ నలుపు, తెలుపు, బూడిద రంగుల్లోనే పెట్టారు. రంగుల సినిమాలో రంగులే లేని సీన్ అన్నమాట. ఇలాంటిచోట ల్యాబ్ ఏ తప్పు చేసినా దాగదు. ప్రింట్ వెలిసిపోతే తెలుపు పసుపులోకి తిరుగుతుంది, నలుపు గోధుమరంగులోకి పోతుంది. కొత్త డిస్క్‌లో ఆ తెలుపులో ఎన్ని రకాల తెలుపులున్నాయో కనిపిస్తుంది: లేసు వేరు, పట్టు వేరు, ఈకలు వేరు. పూల మార్కెట్ రాత్రి సీన్లలో చీకట్లో గోడలు, రాళ్లు, తడి నేల తెలుస్తాయి. అది లండన్ కాదన్న సంగతీ తెలిసిపోతుంది. సినిమా మొత్తం కాలిఫోర్నియాలోని వార్నర్ స్టూడియో సెట్లలోనే తీశారు.

గొంతు ఎవరిది?

బొమ్మ కంటే శబ్దం కథ ఇంకా చిత్రమైనది. హిగ్గిన్స్ పాత్ర వేసిన రెక్స్ హారిసన్ నాటకంలోనూ అదే పాత్ర వేశారు. ఆయన పాడడు, లయలో మాట్లాడతాడు. ముందే రికార్డు చేసిన పాటకు సెట్‌లో పెదాలు కదపడం తన వల్ల కాదన్నారు, ఎందుకంటే రెండుసార్లు ఒకేలా చెప్పలేనని. దాంతో నెక్‌టై లోపల వైర్‌లెస్ మైక్ దాచి, షూటింగ్ జరుగుతుండగానే ఆయన పాటలు రికార్డు చేశారు. 1960ల్లో అది పెద్ద సాహసం. అందుకే ఆ పాటల్లో ఊపిరి, బట్టల గరగర, గదిలోని గాలి అన్నీ కలిసి ఉన్నాయి. రెస్టోరేషన్‌లో ‘నాయిస్’ పేరుతో వీటిని తుడిచేస్తే గొంతు ప్రాణం పోతుంది. అసలు సినిమాకు ఆరు ట్రాకుల అయస్కాంత శబ్దం ఉంది. పని చేసేవాళ్లు ఆ మూలం నుంచి వెళ్లాల్సిందే.

హీరోయిన్ సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. స్టేజి మీద ఎలైజాగా పేరు తెచ్చుకుంది జూలీ ఆండ్రూస్. సినిమాల్లో ఆమె కొత్త అని జాక్ వార్నర్ పక్కనపెట్టి, స్టార్ అయిన ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. హెప్‌బర్న్ తానే పాడాలనుకుని కష్టపడి సాధన చేసింది, పాటలు రికార్డు కూడా చేసింది. చివరికి కొన్ని ముక్కలు తప్ప మిగతా అంతా మార్నీ నిక్సన్ అనే గాయనితో పాడించారు. తెర మీద నిక్సన్ పేరు వేయలేదు. అంతకుముందు ‘ది కింగ్ అండ్ ఐ’లో, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో కూడా హీరోయిన్ల వెనక గొంతు ఆమెదే.

మన ప్రేక్షకుడికి ఇందులో వింతేమీ కనిపించదు. సావిత్రికి సుశీల పాడితే, మధుబాలకు లత పాడితే అది మోసం అని ఎవరైనా అన్నారా? ఇక్కడ ప్లేబ్యాక్ సింగర్‌కు హీరోయిన్‌తో సమానంగా పేరు. అక్కడ మాత్రం దాచిపెట్టాల్సిన రహస్యం, బయటపడ్డాక గొడవ. ఆ ఏడాది ఆస్కార్లలో ‘మై ఫెయిర్ లేడీ’కి ఉత్తమ చిత్రం, దర్శకుడు జార్జ్ కుకోర్, నటుడు హారిసన్‌తో కలిపి 8 అవార్డులు వచ్చాయి. హెప్‌బర్న్‌కు కనీసం నామినేషన్ రాలేదు. ఉత్తమ నటి అవార్డు ‘మేరీ పాపిన్స్’కు గాను జూలీ ఆండ్రూస్‌కే వెళ్లింది.

హెప్‌బర్న్ పాడిన ట్రాకులు మాత్రం పోలేదు. దశాబ్దాల తర్వాత వాటిలో రెండు పాటలను డిస్కుల్లో అదనపు అంశంగా పెట్టారు. వింటే, నిక్సన్ గొంతులో ఉన్న ఎత్తు ఆమెకు లేదు, నిజమే. కానీ మురికివాడ పిల్ల పాడుతున్నట్టు ఆమె గొంతే ఎక్కువ అనిపిస్తుంది. ఒక మనిషి చేసిన పని ముప్ఫై, నలభై ఏళ్లు డబ్బాలో ఉండి, ఎవరో లేబుల్ సరిగా రాసిపెట్టినందుకు బయటికి రావడం చిన్న సంగతి కాదు. ఈ డిస్కుల్లో సినిమా కంటే ముందు చూడాల్సింది అదే.

మన దగ్గర: రంగు వేయడం వేరు, బాగు చేయడం వేరు

రెస్టోరేషన్ అనగానే మన ఇళ్లలో గుర్తొచ్చేది ‘ముఘల్-ఎ-ఆజం’. 1960లో వచ్చిన ఆ సినిమాలో శీష్ మహల్ పాట, చివరి రీళ్లు తప్ప మిగతా అంతా నలుపు తెలుపు. మొత్తం రంగుల్లో మళ్లీ తీయాలని కె. ఆసిఫ్‌కు ఉండేది, అప్పటికే ఏళ్ల తరబడి ఎదురుచూసిన డిస్ట్రిబ్యూటర్లు ఒప్పుకోలేదు. 2004 నవంబర్ 12న, దీపావళి రోజు, ఈద్‌కు రెండు మూడు రోజుల ముందు, పూర్తి రంగుల్లో మళ్లీ విడుదల చేశారు. దానికి ముందు నెగటివ్ శుభ్రం చేయడం, గీతలు తొలగించడం లాంటి రెస్టోరేషన్ పని జరిగింది. అయితే ఆ తర్వాత జరిగింది రెస్టోరేషన్ కాదు. నలుపు తెలుపు బొమ్మకు రంగు వేశారు, నిడివి తగ్గించారు, అసలు గొంతులు ఉంచి వాద్యాలను నౌషాద్ పర్యవేక్షణలో ఉత్తమ్ సింగ్ కొత్తగా రికార్డు చేశారు.

తెలుగులో 1957 నాటి ‘మాయాబజార్’కు 2010లో హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ఇలాగే రంగులు వేసింది. అందులో ప్రింట్ నాణ్యత సరిపోక కొన్ని పాటలు వదిలేశారు. ఘంటసాల పాటల సినిమాలో పాటలు పోవడం అంటే ఏంటో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. మళ్లీ అదే మాట: మూలం ఎంత మిగిలి ఉంటే అంతే.

రంగు వెర్షన్ల వల్ల కొత్త తరం థియేటర్‌కు వచ్చింది, కాదనలేం. తాతయ్యలు, మనవళ్లు పక్కపక్కన కూర్చుని చూశారు. కానీ 1964 సినిమాను 1964లో తీసినవాళ్లు ఎలా చూపించాలనుకున్నారో అలా చూపించడం ఒక పని, ఇవాళ్టి కళ్లకు నచ్చేలా మార్చడం ఇంకో పని. ఇక్కడ రెండింటినీ ‘రెస్టోర్డ్’ అనే ఒకే పేరుతో అమ్ముతున్నారు. కొనేవాళ్లకు ఆ తేడా చెప్పాల్సింది అమ్మేవాళ్లే.

‘మై ఫెయిర్ లేడీ’ కొనాలనుకునేవాళ్లకు రెండు మాటలు. సినిమాకు అమెరికాలో అన్ని వయసులవారూ చూడొచ్చనే రేటింగ్ ఉంది. ఎలైజా తండ్రి తాగుబోతు, అతని పాటలు ఆ చుట్టూనే తిరుగుతాయి, అంతకుమించి ఇంట్లో అందరి ముందు ఇబ్బంది పెట్టే సీన్లు లేవు. దాదాపు మూడు గంటల సినిమా, మధ్యలో ఇంటర్వెల్ కూడా ఉంది కాబట్టి నమాజ్‌కు లేవడానికి వీలుగానే ఉంటుంది.

డిస్క్ సంగతికొస్తే, బ్లూ-రేలో అమెరికా ‘ఏ’ రీజియన్, ఇండియా ‘సీ’ రీజియన్. అక్కడి డిస్క్‌కు తాళం వేసి ఉంటే ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు, అట్ట వెనక చూసుకుని తెప్పించుకోవాలి. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ గొడవ లేదు, కానీ దానికి వేరే ప్లేయర్ కావాలి. ఇంకోటి, 2011 నాటి డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ధర తక్కువ కదా అని బుట్టలో వేసుకునే ముందు అట్ట మీద ‘50వ వార్షికోత్సవం’ అని ఉందో లేదో, వెనక సంవత్సరం 2015 అని ఉందో లేదో ఒకసారి చదవండి. ఆడ్రీ హెప్‌బర్న్ బొమ్మ రెండింటి మీదా ఉంటుంది.